ఇద్దరుంటేనే చల్లగాలి

ఇందులో ఒక్క ముక్క అబద్ధమని తేల్చినవాడికి నా మీసం గొరిగి, తమలపాకులో పెట్టి ఇస్తాను. ఇలాంటి పందేలు ఇప్పటికి నలభై వేసుంటాను. మీసం ఇంకా మూతి మీదే ఉంది. కాబట్టి అనుమానం ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పండి. మధ్యలో దగ్గడాలూ, పక్కవాణ్ణి మోచేత్తో పొడవడాలూ వద్దు. ఉద్దానంలో జీడిచెట్లు ఎన్నున్నాయో అన్నిసార్లు చెప్పిన కథ ఇది. ఒక్కసారీ ఒక్క మాట మారలేదు.

అక్కుపల్లికి ఇవతల కొబ్బరితోటల మధ్య ఒక ఊళ్లో నీలకంఠం ఉంటాడు. అరవై మూడేళ్లు. కాస్త జీడితోట, ఒక పెంకుటిల్లు, ఎనభై తొమ్మిది మోడల్ అంబాసిడర్ కారు. డీజిల్ బండి, మీగడ రంగు. ముప్పై ఏళ్లు కాశీబుగ్గ స్టాండులో టాక్సీగా తిరిగి, ఆ తర్వాత బోర్డు మార్చుకుని సొంత కారయింది.

ఆ బండి సంగతి మీకు తెలియదు. అందులో నీలకంఠం ఒకసారి పదిహేడుమంది పెళ్లివాళ్లను ఎక్కించి, డప్పులవాణ్ణి టాపు మీద కూర్చోబెట్టి, ముహూర్తానికి పావుగంట ముందు దించాడు. దిగుతున్నవాళ్లను లెక్కపెట్టలేక ఆడపెళ్లివారు మధ్యలోనే వదిలేశారు. తిత్లీ తుఫాను మర్నాడు, రోడ్డుకి అడ్డంగా పడ్డ కొబ్బరిచెట్లను దాటుకుంటూ ఒక నిండు చూలాలిని పలాస చేర్చాడు. ఎన్ని చెట్లంటారా? నూట పన్నెండు. కొన్నింటి కిందనుంచి, కొన్నింటి మీదనుంచి. పుట్టిన పిల్లకి తుఫాను పేరు పెడతామంటే వద్దన్నవాడు కూడా నీలకంఠమే.

అంతటి డ్రైవరు ఈ కథ మొదలయ్యేనాటికి చేసే పని ఒక్కటే. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున్నే లేస్తాడు. కారు తుడుస్తాడు. రేడియేటర్లో నీళ్లు చూస్తాడు. వెనక తలుపు తెరిచి, ఒక మనిషి ఎక్కి సర్దుకునేంతసేపు ఆగి, మూస్తాడు. టెక్కలి దాకా వెళ్లి, ఆసుపత్రి గేటు ముందు బండి తిప్పి, మళ్లీ ఇంటికి వచ్చేస్తాడు. నలభై కిలోమీటర్ల పైమాటే. వచ్చేటప్పుడు రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లను ఒక్కొక్కటే చూసుకుంటూ, నిదానంగా వస్తాడు.

ఆ తలుపు తెరిచేది భార్య కాసులమ్మ కోసం. ఆమె పోయి అప్పటికి ఏడాది కావస్తోంది.

కిడ్నీల జబ్బు ఉద్దానంలో ఏ వీధికీ కొత్త కాదు. కాసులమ్మకి నాలుగేళ్లు నడిచింది. పలాసలో మిషన్ ఖాళీ దొరక్క, వారానికి మూడుసార్లు టెక్కలిలో మిషన్ మీద పడుకోబెట్టి రక్తం శుభ్రం చేయించడం, తీసుకురావడం. రోజుకి రెండు గ్లాసుల నీళ్లు దాటకూడదన్నారు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు, చెట్టుకి గెలలు గెలలు, కానీ బొండం ముట్టుకుంటే ప్రాణానికే ముప్పన్నారు. మే నెలలో ఆ రేకుల బండి వెనక సీట్లో పడుకుని, నాలుక పిడచకట్టి, ఆమె అనేది:

"బావా, ఇది కారు కాదు. జీడిపిక్కలు కాల్సే పెనం. దీనికి ఏసీ ఎయ్యించీ. ఒళ్లు సల్లబడితే దాహం సగం తగ్గుద్ది."

"అంబాసిడర్‌కి ఏసీ ఏటే? ఏనుక్కి పౌడరు రాసినట్టుంటాది."

"ఏనుగు మీద కూకున్నదాన్ని నాను కదేటి. నాకు రాయి పౌడరు."

"వచ్చే ఏడు సూద్దాంలే."

మూడు ఎండాకాలాలు అదే మాటతో గడిపాడు.

ఆఖరి రోజున టెక్కలి బజారులో తోపుడుబండి మీద బొండాలు చూసి కాసులమ్మ ఒక్కటి కావాలంది. నీలకంఠం ఇవ్వనన్నాడు. "డాక్టరు తిడతాడే." "డాక్టరుకి దాహం ఎయ్యదేటి?" అంది. ఇవ్వలేదు. "అయితే ఇల్లు సేరీదాకా నీతో మాటాడను, పో," అనేసి వెనక సీట్లో ముడుచుకుని పడుకుని, మొహం మీద కొంగు కప్పుకుంది.

నీలకంఠానికి పెళ్లాం అలకలన్నీ కొలతలతో సహా తెలుసు. ఇది ఇంటిదాకా లాగే అలక. కాబట్టి దారి పొడుగునా తనే మాట్లాడాడు. ముందు బతిమాలాడు. తర్వాత స్టాండులో డ్రైవర్ల మధ్య చెప్పుకునే జోకులు చెప్పాడు, ఆడవాళ్లకి చెప్పకూడనివి కూడా. పలాస దాటాక వాళ్ల పెళ్లినాటి పాట ఒకటి పాడాడు. నవ్వలేదు. ఊరి పొలిమేరలో, "సరేలేయే, ఏసీ ఎయ్యిత్తాను. ఒట్టు. ఇప్పుడైనా మాటాడు," అన్నాడు. ఇంటి ముందు బండి ఆపి వెనక తలుపు తెరిచాడు.

అన్ని కిలోమీటర్లలో ఏ రాయి దగ్గర కాసులమ్మ దిగిపోయిందో నీలకంఠానికి తెలియదు. అందుకే ఆ రాళ్లను చూసుకుంటూ వస్తాడు. ఇదా, ఇదా అని. ఆ రోజే, డ్రైవరుకి వెనక సీటు చూపించే అద్దాన్ని టాపు వైపుకి తిప్పేశాడు.

సంవత్సరీకం అయిన మర్నాడు కారు తీసుకుని కాశీబుగ్గలో ఢిల్లీరావు షెడ్డుకి వెళ్లాడు.

ఢిల్లీరావు ఎవరనుకున్నారు? కారు ఏసీల పనిలో విశాఖ నుంచి బరంపురం దాకా అతనికి సాటివాడు లేడు. గ్యాసు ఎక్కడ లీకవుతోందో ముక్కుతో చెబుతాడు. ఒకసారి షెడ్డులో కూర్చుని టీ తాగుతూ, గాలి వాసన పీల్చి, హరిశ్చంద్రపురం స్టేషన్ ముందు ఆగివున్న జీపులో వాషరు పోయిందని చెప్పాడు. మనిషిని పంపి చూస్తే వాషరు పోయింది. అంతటి పనివాడు.

"ఏటి మావా, ఏటైనాది నీ ఏనుక్కి?" అన్నాడు.

"ఏసీ ఎయ్యాల."

ఢిల్లీరావు చేతిలో పానా కింద పెట్టాడు. "ముప్పై ఏడు గుర్రాల బండి మావా ఇది. ఏసీ ఎడితే అందులో పది గుర్రాల్ని అదే తినీసిద్ది. మిగిల్న ఇరవై ఏడూ మెట్ట ఎక్కుతాయా?"

"ఎక్కకపోతే నాను దిగి తోసుకుంటాను."

"ఇంతకీ ఎవులికి మావా ఈ ఏసీ?"

"కాసులమ్మకి. ఒట్టేసినాను."

ముందురోజు సంవత్సరీకం భోజనానికి వచ్చి, పంక్తిలో కూర్చుని తిన్నవాడే ఢిల్లీరావు. నీలకంఠం మొహంలోకి చూశాడు. ఆ తర్వాత బానెట్ ఎత్తి, లోపలికి వంగి, "అయితే ఎనక సీటుకి బాగా తగిలేలాగ ఎడతాను," అన్నాడు.

పదకొండు రోజులు పట్టింది. విశాఖలో పాతసామాన్ల వీధి నుంచి ఒక వ్యాను కంప్రెసర్ తెచ్చాడు. దాన్ని ఇంజను పక్కన నిలబెట్టడానికి లారీ ఛాసిస్ ముక్క కోసి బ్రాకెట్ చేశాడు. బెల్టు తిరగడానికి పుల్లీకి రెండో గాడి తీయించాడు. పాత డైనమో ఈ బరువు లాగలేదని పీకేసి ఆల్టర్నేటర్ బిగించాడు. ముందు జాలీకీ రేడియేటర్‌కీ మధ్య కండెన్సర్ అరంగుళం తేడాలో ఇరుక్కుంటే, మూడు రోజులు దాన్ని బుజ్జగించాడు. డ్యాష్‌బోర్డు కింద, గాలి డ్రైవరు మోకాలికి తగిలేలా కూలింగ్ కాయిల్ పెట్టె వేలాడదీసి, అందులోంచి రెండు సీట్ల మధ్యగా వెనక్కి ఒక గొట్టం లాగి, దాని మూతిని కాసులమ్మ తల పెట్టుకునే వైపుకి తిప్పాడు. తలుపు సందులన్నిటికీ కొత్త రబ్బరు వేశాడు. ఆ పదకొండు రోజుల్లో ఢిల్లీరావు ఒంటినుంచి కారిన చెమటలో రెండు చుక్కలు గట్టిపడి ముత్యాలయ్యాయని, వాళ్లావిడ చెవులకున్నవి అవేనని కాశీబుగ్గలో అంటారు. నేను చూశాను. ముత్యాలే.

పన్నెండో రోజు గ్యాసు నింపి, ఇద్దరూ కార్లో కూర్చుని మీట నొక్కారు. మే నెల, మిట్టమధ్యాహ్నం. అరనిమిషంలో అద్దాల మీద మంచు పట్టింది. ఒక నిమిషానికి ఢిల్లీరావు పళ్లు టకటకలాడాయి. రెండు నిమిషాలకి నీలకంఠం తలకి తువ్వాలు చుట్టుకున్నాడు.

"సూసినావా మావా! కాశ్మీరు!"

నీలకంఠం అతన్ని దింపేసి ఇంటిదారి పట్టాడు. షెడ్డు గేటు దాటేసరికి గొట్టం లోంచి వేడిగాలి మొదలైంది. ఇటుకబట్టీలోంచి వచ్చినట్టుంది. వెనక్కి తిప్పాడు. ఢిల్లీరావు ఎక్కి కూర్చున్నాడు. కాశ్మీరు. దిగాడు. ఇటుకబట్టీ. మళ్లీ ఎక్కాడు. కాశ్మీరు. బెల్టు చూశాడు, గ్యాసు చూశాడు, ముక్కు పెట్టి నాలుగు మూలలా వాసన చూశాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. చివరికి చేతులు తుడుచుకున్నాడు.

"ఒకడికి ఇయ్యదు మావా. ఇద్దరుంటేనే ఇత్తాది."

"ఓహో," అన్నాడు నీలకంఠం.

"కొన్ని బళ్లు అంతే."

షెడ్డు ముందు బల్ల మీద టీ తాగుతున్న నలుగురూ విన్నారు. ఆశ్చర్యంతో గ్లాసు కింద పెట్టినవాడు లేడు. ఆ సాయంత్రానికి అక్కుపల్లి దాకా అందరికీ తెలిసిపోయింది. చల్లగాలి కావలసినవాళ్లు నీలకంఠం పక్కన కూర్చుని ఊరి చివరదాకా వెళ్లి వచ్చేవాళ్లు. చేపల సన్యాసమ్మ ఒకరోజు రేవులో కొన్న కోనాం చేపను గంపలో పెట్టుకుని ఎక్కింది. పలాస చేరేసరికి ఆ చేప ఎంతలా బిగుసుకుందంటే, దాంతో గోడకి మేకు దిగ్గొట్టారు. ఆ మేకుకి ఇప్పటికీ కేలెండరు వేలాడుతోంది.

కానీ నీలకంఠం ఒట్టు వేసింది చేపకి కాదు.

ఒక శుక్రవారం పొద్దున గోడ మీదున్న కాసులమ్మ ఫోటో దింపి, దండ తీసి, వెనక సీట్లో పెట్టాడు. మీట నొక్కాడు. వేడిగాలి. లోపలికెళ్లి ఆమె మెంతిరంగు చీర తెచ్చి ఫోటో పక్కన పరిచాడు. వేడిగాలి. ఆమె మందుల సంచీ, చెప్పులు, తలనూనె సీసా. వేడిగాలి. పెరట్లో కోడిపెట్టను పట్టి తెచ్చి కూర్చోబెడితే మాత్రం, కోడి ఊపిరంత చల్లదనం సన్నగా వచ్చింది. పక్కింటి మేకతో ఇంకాస్త నయం. కోడీ మేకా దిగిపోయాక, అతను వెనక తలుపు దగ్గర వంగి ఫోటోను చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వు లెక్కలోకి రావంట, కాసూ," అన్నాడు.

ఫోటోను మళ్లీ గోడకి తగిలించాడు. ఆ తర్వాత ఏసీ మీట ముట్టుకోలేదు. సోమ, బుధ, శుక్రవారాల్లో అద్దాలు దించుకుని, టెక్కలి వెళ్లి వస్తూనే ఉన్నాడు. వెనక తలుపు తెరిచి, ఆగి, మూయడం మాత్రం మానేశాడు.

ఇలా పదిహేను రోజులు గడిచాయి. ఒక బుధవారం పొద్దున ఏడింటికి, జీడితోటల మలుపులో ఒకావిడ గట్టు మీద కూర్చుని ఉంది. ముప్పై నాలుగు, ముప్పై అయిదేళ్లుంటాయి. ఒళ్లో గుడ్డసంచీ, ఎడమచేతికి తువ్వాలు చుట్టుకుంది. ఆ తువ్వాలు చూడగానే నీలకంఠానికి తెలిసిపోయింది. కాసులమ్మ కూడా సూదులు గుచ్చే చేతిని అలాగే దాచుకునేది. దాటి వెళ్లిపోయాడు. తాటిచెట్టు దాకా పోయి ఆగాడు. వెనక్కి వచ్చాడు.

"ఎక్కడికమ్మా?"

"పలాస ఆసుపత్రికి బాబూ. ఆటో రానేదు. ఎనిమిదింటికి నా మిసను."

"ఎక్కు."

"ఏటిమ్మంటావు?"

"ఏటీ వద్దు. ఎనక కూకో, సాలు."

ఆవిడ ఎక్కింది. నీలకంఠం అద్దాలు ఎత్తి మీట నొక్కాడు.

"ఓలమ్మా! ఇదేటి బాబూ, ఫ్రిజ్జులో కూకోబెట్టీసినావు!" అంది. తర్వాత తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. కాసేపటికి మెల్లగా, తనలో తను అనుకున్నట్టుగా అంది: "దాహం పోనాది."

నీలకంఠం రెండు కిలోమీటర్ల దాకా గేరు మార్చడం మరిచిపోయాడు.

ఆవిడ పేరు దుర్గ. అక్కుపల్లి పల్లెవీధి. జబ్బు పడక ముందు పలాసలో జీడిపప్పు ఒలిచేది. భర్త ఈశ్వర్ గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనికి వెళ్లాడు. బోటు ఒడ్డుకి చేరినప్పుడే ఫోను, మిగతా రోజుల్లో సముద్రం. ఇంట్లో తనొక్కతే. ఆ రోజునుంచి నీలకంఠం టెక్కలి మానుకుని, పలాస వెళ్లడం మొదలుపెట్టాడు.

"తాతా, నీకు పున్నెముంటాది," అంది రెండో రోజున.

"తాతా అంటే ఇక్కడే దించీసి ఎలిపోతాను."

"అయితే బాబూ అంటానులే. గాని నీ జుత్తు సూసి సముద్రం నురగ సిగ్గుపడతాది."

వెళ్లేటప్పుడు దుర్గ మాట్లాడుతూనే ఉంటుంది. వచ్చేటప్పుడు మిషన్ ఒళ్లంతా పిండేసి ఉంటుంది కాబట్టి, ఆ చల్లగాలిలో నిద్రపోతుంది. నీలకంఠం మాత్రం వెళ్లేటప్పుడూ మాట్లాడడు, వచ్చేటప్పుడూ మాట్లాడడు. ఒకరోజు ఆమె అడిగేసింది.

"నువ్వు మాటాడవేటి బాబూ?"

"ఒకపాలి ఎక్కువ మాటాడీసినాను. అయిపోనాయి."

"మరి ఆ అద్దం ఏటి పైకి సూత్తంది? టాపుకి తల దువ్వుతావేటి?"

ఎదురుగా ఏమీ లేకపోయినా నీలకంఠం హారన్ కొట్టాడు. దుర్గ మళ్లీ అడగలేదు. ఆడవాళ్లకి ఇలాంటివి సగం చెప్పకుండానే తెలుస్తాయి. ఆ కారులో అలా ఇద్దరు మనుషులు, ముందున్న వీపు చూస్తూ ఒకరు, రోడ్డు చూస్తూ ఒకరు, నెల రోజులపైన తిరిగారు. ఆమెను వాళ్ల వీధి మొదట్లో దించి, తన ఊరి వైపు బండి తిప్పేసరికి చల్లగాలి ఆగిపోయేది. మిగిలిన నాలుగు కిలోమీటర్లూ నీలకంఠం చెమటలు కక్కుతూ వెళ్లేవాడు. మీట మాత్రం కట్టేసేవాడు కాదు. ఎందుకో అతన్నే అడగాలి.

జూన్ చివర్లో ఒక శుక్రవారం. వాన రావలసింది, రాలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి పలాసలో దుర్గను ఎక్కించుకున్నాడు. ఎక్కుతూనే, "ఇయ్యాల నాను పడుకుంటాను బాబూ, ఒంట్లో సత్తువ నేదు," అని సీట్లో ముడుచుకుని, సూదులు గుచ్చిన చేతిమీద కొంగు కప్పుకుంది.

టౌను దాటారు. ఒక చెరువు దాటారు. జీడితోటలు మొదలయ్యాయి. మనిషి అలికిడి లేదు. మోకాలికి తగిలే చల్లగాలి కాస్త సన్నబడింది. నీలకంఠం పట్టించుకోలేదు. ఇంకో అరకిలోమీటరుకి మోకాలి మీద చల్లదనం పోయి గోరువెచ్చగా తగిలింది. ముప్పై ఏళ్ల డ్రైవరు కదా, ముందు చెవి పెట్టాడు. బెల్టు జారడం లేదు. కంప్రెసర్ టక్కుమని పట్టుకుంటోంది, వదులుతోంది. ఫ్యాను తిరుగుతోంది. గ్యాసు నింపి రెండు నెలలు కాలేదు. ఇంజను వేడి ముల్లు కదల్లేదు. గాలి మాత్రం వెచ్చబడుతోంది.

అప్పుడు అర్థమైంది. అది గ్యాసు తగ్గి వేడెక్కడం లేదు. లెక్క తగ్గి వేడెక్కుతోంది.

కారులో ఇద్దరు లేరు. ఒకటిన్నర మంది ఉన్నారు.

బ్రేకు మీద నిలబడ్డాడు. చెయ్యెత్తి, పద్నాలుగు నెలలుగా టాపును చూస్తున్న అద్దాన్ని పట్టుకుని కిందికి తిప్పాడు. అద్దంలో దుర్గ నిద్రపోతున్నట్టే ఉంది. పెదాలు మాత్రం సున్నం కొట్టినట్టున్నాయి. దిగి వెనక తలుపు తెరిచి కొంగు తొలగించాడు. సూది గుచ్చినచోట కట్టు జారిపోయింది. చప్పుడు లేకుండా రక్తం కారుతోంది. సీటు కవరు తడిసి, అక్కడినుంచి కాళ్లకింద పట్టా మీదికి బొట్లు బొట్లుగా దిగుతోంది. నిద్రలోనే ఆమె మెల్లగా వెళ్లిపోతోంది. నీలకంఠం బొటనవేలితో అదిమిపట్టి, భుజం మీది కండువా తీసి, బలంకొద్దీ బిగించి కట్టాడు. చేతిని పైకెత్తి తలుపు పైనున్న పట్టీకి తగిలించాడు. బండి తిప్పాడు.

అంబాసిడర్లు పుట్టిన దగ్గరనుంచి ఏ అంబాసిడరూ అలా పరిగెత్తలేదు. ఆ ముప్పై ఏడు గుర్రాలకీ ఎక్కడినుంచో ఇంకో వంద వచ్చి కలిశాయి. రోడ్డు మీద పడుకున్న గేదెలు మనుషుల్లా లేచి దారి ఇచ్చాయి. ఎదురొచ్చిన కొబ్బరికాయల లారీ తనంతట తనే పక్క పొలంలోకి దిగి నిలబడింది. చెరువు దాటేటప్పుడు చక్రాలు నేల మీద లేవని చెప్పినవాళ్లున్నారు. నేను అంతదాకా చెప్పను. రెండు చక్రాలున్నాయి.

నీలకంఠానికి ఇవేవీ తెలియవు. కుడిచేయి స్టీరింగు మీద, ఎడమచేయి సీట్ల మధ్య గాలి గొట్టం మూతి మీద. కళ్లు రోడ్డు మీద ఒకసారి, అద్దంలో ఒకసారి. పద్నాలుగు నెలలుగా దాచుకున్న నోరు మాత్రం తెరుచుకుంది.

"దుర్గా! ఒలే దుర్గా! దిగకు. ఇక్కడ దిగీ సోటు కాదు, ఇక్కడేటీ నేదు, జీడిసెట్లు. కోపమొత్తే తిట్టు. తాతా అను. నూరుసార్లు అను, ఏటీ అన్ను. నీ పెనిమిటి బోటు మీదుండాడు, ఆడికి నానేటి సెప్పాల? పలకవేటి? అలిగినావా? అలుగు. అలిగినా ఉండి అలుగు. ఎలిపోయి అలగకు."

గొట్టంలోంచి వచ్చేది వేడిగాలే. అరచేయి కాలుతోంది. టౌను మొదటి ఇళ్లు కనిపించాయి. "మాటాడకపోతే మాటాడకు. ఉండు. ఉంటే సాలు," అన్నాడు. అప్పుడు తగిలింది, అరచేతి మధ్యలో. దారమంత సన్నగా, చల్లగా. ఆసుపత్రి గేటు దాకా ఆ దారాన్ని పట్టుకునే బండి నడిపాడు. అది తెగలేదు.

డ్యూటీలో ఉన్న నర్సు సంధ్య పరిగెత్తుకుంటూ వచ్చి వెనక తలుపు తీసింది. దుర్గ మెడ మీద వేళ్లు పెట్టింది. మణికట్టు పట్టుకుంది. మొహం మారిపోయింది.

"నాడి అందట్లేదు పెద్దాయనా..."

"ఉన్నాది. ఆ గొట్టం కాడ సెయ్యి పెట్టి సూడు. సల్లగున్నాదా నేదా?"

సంధ్య పెట్టి చూసింది. ఆమెది కూడా ఉద్దానమే, ఆ కారు సంగతి ఆమెకి తెలియకపోవడమేమిటి. గాలి చల్లగా ఉంది. వెనక్కి తిరిగి, "స్ట్రెచర్! బేగి! మనిషి ఉంది!" అని కేకవేసింది. లోపలికి తోసుకుపోతూనే నీలకంఠాన్ని తిట్టింది కూడా, అంత బిగించి కడితే చెయ్యి పాడైపోదా అని. "పాడైతే సెయ్యే కదమ్మా," అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి, ఇంకెవరిదో రక్తం రెండు సంచీలు ఎక్కాక, దుర్గ కళ్లు తెరిచింది. బల్ల మీద కూర్చున్న నీలకంఠాన్ని పిలిచారు. మంచం పక్కన నిలబడ్డాడు. ఆమే అంది, గాలికన్నా మెల్లగా:

"నీ గోల ఇనబడ్డాది. నిద్దరోనిత్తావేటి మనిషిని!"

"ఎంతకాడ్నుంచి ఇన్నావు?"

"అలిగినా ఉండి అలగమన్నావు కదా. ఆకాడ్నుంచి." కాసేపు ఊపిరి కూడగట్టుకుంది. "ఎవులితో అన్నావు బాబూ ఆ మాట? నాతోనేనా?"

నీలకంఠం మంచం ఇనపపట్టీని చేత్తో తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది.

"ఇద్దరితోనీ," అన్నాడు.

పొద్దు వాలుతుండగా ఒక్కడే ఇంటికి బయలుదేరాడు. మీట నొక్కే ఉంది. ఎప్పటిలాగే ఇటుకబట్టీ. అద్దంలో ఖాళీ సీటు, దాని మీద ఎండిన మరక. రాళ్లు ఒక్కొక్కటే వచ్చి వెళ్తున్నాయి. వాటికేసి చూడలేదు. జీడితోటల మలుపులో బండి ఆపి, ఎడమచేయి గొట్టం మూతి మీద పెట్టి, చాలాసేపు అలాగే కూర్చున్నాడు. వేడిగాలి తప్ప మరేమీ రాలేదు. కాసులమ్మ లేదు. ఆ కారు ఎవరి మెప్పు కోసమూ అబద్ధం చెప్పదు. మధ్యాహ్నం దాని మాట నమ్మే కదా వెనక్కి తిరిగాడు. దాని ఈ మాటా నమ్మాడు. మీట కట్టేసి, నాలుగు అద్దాలూ దించుకుని, సముద్రం మీది గాలి వేసుకుంటూ ఇంటికి చేరాడు. మర్నాడు సీటు కవరు తనే ఉతికాడు. అద్దాన్ని మళ్లీ పైకి తిప్పలేదు.

ఈశ్వర్ వేరావల్ నుంచి మూడు రైళ్లు మారి వచ్చాడు. నెల రోజులుండి మళ్లీ బోటెక్కాడు. ఎక్కే ముందు నీలకంఠం ఇంటికి వచ్చి కారుని నాలుగువైపులా చూసి, దాని టైర్లకి గాలి కొట్టించి వెళ్లాడు.

ఇప్పుడు నీలకంఠం మాట్లాడతాడు. వెళ్లేటప్పుడు దుర్గ, వచ్చేటప్పుడు నీలకంఠం. వెనక బదులు లేకపోతే భయపడడు. చెయ్యి చాచి గాలి చూసుకుంటాడు, మళ్లీ మొదలుపెడతాడు. ఆమెను దించాక ఆ నాలుగు కిలోమీటర్లూ మాత్రం ఎవరితోనూ మాట్లాడడు. ఆ దారి అంతే.

ఎవరో దగ్గుతున్నారు. సరే. ఢిల్లీరావుని అడగమని నేను చెప్పను, వాడు తన పని గురించి తనే డప్పు కొట్టుకుంటాడు. సంధ్యకి పనెక్కువ. నీలకంఠం అసలే డ్రైవరు, డ్రైవర్ల మాటలు ఎవరు నమ్ముతారు? సోమవారమో బుధవారమో శుక్రవారమో, పొద్దున్న ఏడింటికి అక్కుపల్లి రోడ్డులో జీడితోటల మలుపు దగ్గర నిలబడండి. మీగడ రంగు అంబాసిడర్ వస్తుంది. చెయ్యెత్తండి, ఆపుతాడు. వెనక అద్దం దించమనండి. చల్లటి గాలి వచ్చి మొహాన కొడుతుంది. ఆ గాలి వెనక కూర్చుని, "ఏటి బాబూ, ఎవులు మీరు?" అని అడిగే మనిషే నా సాక్షి. పేరు దుర్గ.